కదలని సైకిలుకు సరైన కొలత కావాలి

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ



జనగామను ఆనుకుని హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి పోతుంది. దాని మీద సైకిలు తొక్కేవారు తెల్లవారుజామున కూడా వెనక వచ్చే లారీ చప్పుడు మీద ఒక చెవి వేసి ఉంచాలి. భూపాలపల్లిలో కాకతీయ ఖని గనుల బొగ్గు మోసే టిప్పర్లు, వాటి వెనక లేచే దుమ్ము. మహబూబాబాద్‌లో మిరప కోతల కాలం వస్తే మార్కెట్ దారుల్లో బస్తాల బండ్లే. వీటన్నిటికీ తోడు మే నెలలో 44 డిగ్రీల దరిదాపుల్లో కాసే ఎండ. వ్యాయామం కోసం సైకిలు ఎక్కాలనుకునే మనిషికి ఈ మూడు చోట్లా చివరికి దక్కేది గదిలో కదలకుండా నిలబడి ఉండే సైకిలు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు బాట మొదలైంది. పైన సౌర ఫలకాల కప్పు, కింద సాఫీ దారి. అలాంటిది జిల్లా కేంద్రాలకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో గానీ, ఒక గదిలో నాలుగు సైకిళ్లు పెట్టడం మీ సంతకంతో అయ్యే పని. ఈ లేఖ ఆ నాలుగు సైకిళ్ల గురించే. ప్రజల సొమ్ముతో కొనే ప్రతి స్థిర సైకిలూ వాట్లు చూపాలి. అది చూపే వాట్లు నిజమా కాదా అని ఎవరైనా పరీక్షించాలి. తొక్కేవారికి ఆ వాట్లను గుండె వేగంతో కలిపి చదవడం నేర్పాలి. ఈ మూడు పనులూ చేయగల వసతి ఇప్పుడు మీ మూడు జిల్లాల్లోనూ ఉంది. దాని సంగతి తర్వాత.

ముందు తెర సంగతి. జిమ్ సైకిలు తెర మీద సాధారణంగా పెద్ద అంకెల్లో మెరిసేవి కిలోమీటర్లు, కేలరీలు. కదలని సైకిలుకు కిలోమీటరు అనే మాటకు గట్టి అర్థం లేదు. చక్రానికి అతికించిన చిన్న అయస్కాంతం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, తయారీదారు పెట్టిన ఒక గుణకంతో హెచ్చించి ఆ సంఖ్య చూపిస్తారు. బిగింపు (రెసిస్టెన్స్) పూర్తిగా వదులు చేసి గిరగిరా తొక్కితే అరగంటలో 20 కిలోమీటర్లు పడవచ్చు. బిగించి చెమటోడ్చి తొక్కితే 9 కూడా పడకపోవచ్చు. కష్టపడినవారికి తక్కువ, పడనివారికి ఎక్కువ. ఇలాంటి అంకెను నమ్మి రోజూ తొక్కే మనిషి రెండు నెలల తర్వాత విసుగొచ్చి మానేస్తే తప్పు ఆ మనిషిది కాదు.

వాట్ అనే మాట భూపాలపల్లికి కొత్త కాదు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం రెండు యూనిట్లూ కలిపి 1,100 మెగావాట్లు. మనిషి కాళ్లు చేసే పనిని కొలిచేదీ అదే వాట్. ఒక మనిషి గంటసేపు నిలకడగా 100 వాట్లతో తొక్కితే, కరెంటు బిల్లు లెక్కలో అది యూనిట్‌లో పదో వంతు. ఇంట్లో పాత రకం సీలింగ్ ఫ్యాను ఒకటి తిరగడానికి కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ. వ్యాయామం అలవాటు లేని మనిషికి గంటసేపు ఆ 100 వాట్లు నిలబెట్టడం తేలికేమీ కాదు. వాట్ విలువ ఇక్కడే ఉంది. ఎవరు తొక్కినా, ఏ గదిలో తొక్కినా, కొలత సరిగా ఉన్నంతవరకు 100 వాట్లంటే 100 వాట్లే.

ఈ కొలతకు ఖరీదైన కంప్యూటర్ కావాలని అనుకోనక్కర లేదు. 1954లో స్వీడన్‌లో ఫాన్ డెబెల్న్ అనే శాస్త్రవేత్త వ్యాయామ పరీక్షల కోసం ఒక సైకిలు రూపకల్పన చేశాడు. బరువైన చక్రం చుట్టూ ఒక పట్టీ, ఆ పట్టీని లాగే ఒక లోలకం, పక్కన కిలోల్లో గుర్తులు. తర్వాత ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి వెళ్లిన మోనార్క్ సైకిళ్లు ఈ పద్ధతివే. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం అంచు 6 మీటర్లు కదిలేలా పళ్లు అమర్చారు. పట్టీ ఒక కిలో బరువుతో లాగుతుండగా నిమిషానికి 50 చుట్లు తొక్కితే నిమిషానికి 300 కిలోగ్రామ్-మీటర్ల పని, అంటే దాదాపు 50 వాట్లు. రెండు కిలోలకు 100. కరెంటు తీగ లేదు, బ్యాటరీ లేదు, ఏడో తరగతి పిల్లలు చేయగల హెచ్చవేత. అదే ఏడాది అదే దేశంలో ఆస్ట్రాండ్, రీమింగ్ అనే ఇద్దరు పరిశోధకులు మరో అడుగు వేశారు. మనిషిని ఇలా తెలిసిన వాట్ల దగ్గర ఆరు నిమిషాలు తొక్కించి, చివర్లో నిలకడకు వచ్చిన గుండె వేగం చూసి, ఆ శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో అంచనా వేసే పట్టిక తయారుచేశారు. మనిషిని అలసిపోయేదాకా పరుగెత్తించకుండా శక్తిని అంచనా కట్టే ఈ పద్ధతికి మూలం ఒక్కటే: చేసిన పని ఎంత, దానికి గుండె పడిన శ్రమ ఎంత అన్న రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం. డెబ్బై ఏళ్ల కిందట తేలిన ఈ సంగతి మన జిమ్ తెరల మీదికి ఇంకా సరిగా రాలేదు.

ఇక గేరు, పెడల్ వేగం. జిమ్‌లో ఎక్కువగా గందరగోళం ఇక్కడే.

పెడల్ మీద కాలు నొక్కే బలాన్ని, నిమిషానికి ఎన్ని చుట్లు అన్న వేగంతో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. 17 సెంటీమీటర్ల క్రాంకు (పెడల్ బిగించే కాడ) ఉన్న సైకిలు మీద 150 వాట్లు కావాలనుకుందాం. నిమిషానికి 60 చుట్లతో తొక్కితే చుట్టు పొడవునా సగటున 14 కిలోలకు పైగా బలం పెట్టాలి. 90 చుట్లతో తొక్కితే తొమ్మిదిన్నర కిలోలు చాలు. పని అదే, వాట్లు అవే, దాన్ని కాళ్లు పంచుకునే తీరు వేరు. గేరు చేసేది ఈ పంపకమే, శక్తిని పుట్టించడం దాని పని కాదు. రోడ్డు సైకిలుకు ముందు 50 పళ్ల చక్రం, వెనక 25 పళ్ల చక్రం ఉంటే పెడల్ ఒకసారి తిరగ్గానే వెనక టైరు రెండుసార్లు తిరిగి, దాదాపు 4.2 మీటర్లు ముందుకు పోతుంది. వెనక పళ్లు 15కు మారిస్తే అదే చుట్టుకు 7 మీటర్లు. ఎక్కువ దూరం పోయినందుకు కాలు ఎక్కువ బలం ఇచ్చుకోవాలి. గదిలోని సైకిలుకు వెళ్లే దూరం లేదు కాబట్టి గేరు స్థానంలో ఒక మర ఉంటుంది. కుడివైపు తిప్పితే బిగుసుకుంటుంది, ఎడమవైపు తిప్పితే వదులవుతుంది.

బిగింపు పెంచి నెమ్మదిగా తొక్కితే భారం తొడ కండరాల మీద, మోకాలి చిప్ప మీద పడుతుంది. బిగింపు తగ్గించి వేగంగా తొక్కితే అదే వాట్ల దగ్గర కండరానికి ఒక్కో తోపు తేలికవుతుంది. అయితే కాళ్లను అంత వేగంగా తిప్పడానికే కొంత ఆక్సిజన్ ఖర్చయి గుండె కొద్దిగా వేగం పెంచుతుంది. ఆరితేరిన పోటీ రైడర్లు 90 చుట్ల దగ్గర తొక్కుతారని కొత్తగా వచ్చిన అందరినీ 90కి తోలే శిక్షకులున్నారు. అది సరికాదు. 60, 80 వాట్ల లాంటి తక్కువ పనికి శరీరం అన్నిటికన్నా పొదుపుగా పనిచేసేది నిమిషానికి 60 చుట్ల అటూ ఇటూ. వాట్లు పెరిగేకొద్దీ ఆ అనుకూలమైన వేగమూ పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న యాభై అయిదేళ్ల ఆమెకు మర మరీ బిగించకుండా 60, 70 చుట్లు హాయి. దానికి ముందు సీటు ఎత్తు సరిచూడాలి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వంపులో ఉండాలి. సీటు మరీ దిగువన పెట్టుకుని తొక్కితే, గేరు ఎంత మార్చినా మోకాలు నొస్తూనే ఉంటుంది.

కొనేటప్పుడు అధికారులు తప్పక తెలుసుకోవలసినది బ్రేకు రకం. ఉన్ని దిమ్మె చక్రాన్ని రాసుకునే సైకిలులో, మర కదపకుండా పెడల్ వేగం 60 నుంచి 75కు పెంచితే 100 వాట్లు 125 అవుతాయి. చాలా జిమ్‌లలో ఉండే అయస్కాంతపు బ్రేకులో, చక్రం వేగం పెరిగేకొద్దీ అడ్డుకునే బలమూ పెరుగుతుంది కాబట్టి అదే పెంపుతో సుమారు 155 దాకా పోవచ్చు. ఫ్యాను రెక్కలు గాలిని కోసే ఎయిర్ బైకులో దాదాపు 195, అంటే ఇంచుమించు రెట్టింపు. గాలిని కోయడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మూడు సైకిళ్ల మీదా శిక్షకుడు ఇచ్చిన ఆదేశం ఒకటే, ‘కొంచెం వేగంగా’. మూడు గుండెలకు పడిన భారం మాత్రం మూడు రకాలు. ఒక సైకిలు మీది 8వ లెవెల్‌కు, పక్క సైకిలు మీది 8వ లెవెల్‌కు పోలికే ఉండనక్కర లేదు. లెవెల్ అంకె తయారీదారు ఇష్టం. ఈ మధ్య వచ్చిన స్మార్ట్ ట్రైనర్లలో ఇంకో రకం ఉంది. 150 వాట్లని పెడితే తొక్కే వేగం ఎంతయినా యంత్రమే బిగింపు సర్దుకుని 150 నిలబెడుతుంది. అలసిపోయి కాళ్లు నెమ్మదిస్తే అది ఇంకా బిగుసుకుని, మరింత నెమ్మదించేలా చేసి చివరికి ఆగేదాకా తెస్తుంది. కొత్తవారికి ఇది ముందే చెప్పాలి.

పార్కుల్లో ఉండే ఓపెన్ జిమ్ సైకిళ్ల గురించి ఒక్క మాట. ఆ రకం సైకిళ్లలో చాలావాటికి బిగింపు మార్చే మరే ఉండదు. కీళ్లు కదిలించుకోవడానికి అవి పనికొస్తాయి. గుండెకు వ్యాయామం అనే మాటకు అవి చాలవు.

గుండె విషయానికొస్తే, అది వెంటనే జవాబు చెప్పదు. వాట్లు పెడల్ తొక్కిన క్షణంలోనే తెర మీద పడతాయి. గుండె వేగం మారిన భారానికి తగ్గట్టు నిలకడకు రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇరవై సెకన్లు ఉరికించి ఆపితే గుండె వేగం ఆగాక కూడా పైకి పోతుంటుంది. కాబట్టి చిన్న చిన్న ఉరుకుల వ్యాయామానికి గుండె వేగం చూసి కొలత వేయడం కుదరదు, అక్కడ వాట్లే దిక్కు. పది నిమిషాలకు మించిన నిలకడ వ్యాయామంలో గుండె చెప్పే మాటకు విలువ ఎక్కువ.

గరిష్ఠ గుండె వేగం లెక్కకు జిమ్ గోడల మీద కనబడే ‘220లోంచి వయసు తీసేయండి’ అన్న సూత్రం 1971 నాటిది. 2001లో తనాకా అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన సవరణ ప్రకారం, వయసును 0.7తో హెచ్చించి 208లోంచి తీసేయాలి. నలభై ఏళ్ల దగ్గర రెండూ 180 అనే చెబుతాయి. అరవై ఏళ్ల దగ్గర పాతది 160 అంటే కొత్తది 166 అంటుంది. రెండూ సగటులే. ఒకే వయసున్న ఇద్దరి నిజమైన గరిష్ఠ వేగాల మధ్య 20 తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. రక్తపోటుకో గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ రకం మాత్రలు వేసుకునేవారికి ఈ సూత్రం అసలు వర్తించదు. ఆ మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి. అలాంటివారు సూత్రం చెప్పిన అంకెను అందుకోవాలని తొక్కడం ప్రమాదం. వారికి మాట పరీక్ష నయం: తొక్కుతూ రెండు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగితే మధ్యస్థ శ్రమ, మాట తెగిపోతుంటే తీవ్ర శ్రమ.

మన ఎండల్లో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. సైకిలు తొక్కేటప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కు చేరేది అయిదో వంతు నుంచి నాలుగో వంతు. తక్కింది వేడి. పెడల్ దగ్గర 150 వాట్లు ఇస్తున్న మనిషి ఒంట్లో అంతకు మూడు నాలుగు రెట్ల వేడి పుడుతుంది. రోడ్డు మీద ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. కిటికీలు మూసిన గదిలో ఆ పని చేసేవారు లేరు. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒక్కో కొట్టుకు గుండె తోడే రక్తం తగ్గి కొట్టుకునే సంఖ్య పెరుగుతుంది. వాట్లు కదలకుండా 120 దగ్గరే ఉన్నా, మొదటి పది నిమిషాల్లో 130 ఉన్న గుండె వేగం నలభయ్యో నిమిషానికి 145 దాటవచ్చు. తెర మీద గుండె వేగం ఒక్కటే చూసేవారు తాము ఎక్కువ పని చేస్తున్నామనుకుంటారు. వాట్లు ఒక్కటే చూసేవారు గుండె పడుతున్న పాట్లు గమనించరు. రెండూ పక్కపక్కన ఉంటేనే ఫ్యాను పెట్టాలో, నీళ్లు తాగాలో, ఆపాలో తెలుస్తుంది. నిద్ర చాలని రోజు, జ్వరం వచ్చి తగ్గిన వారం కూడా అదే వాట్లకు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చే సింగరేణి బొగ్గు గని కార్మికులకు ఈ చదువు అందరికన్నా ముందు అందాలి.

దీన్నిబట్టి ఎవరైనా నెలకోసారి తమను తాము పరీక్షించుకోవచ్చు. ఒకే సైకిలు, ఒకే సీటు ఎత్తు, 65 చుట్లు, 100 వాట్లు, ఆరు నిమిషాలు, చివర్లో గుండె వేగం. డిసెంబరులో 142 ఉన్నది ఫిబ్రవరికి 131కి వచ్చిందనుకుందాం. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోడుతోందని, వ్యాయామం ఫలిస్తోందని దాని అర్థం. అదే ఫిబ్రవరి నుంచి మే దాకా చూస్తే గది వేడి ఆ మెరుగును కప్పేయవచ్చు. కాబట్టి పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. బరువు తూచే యంత్రం ఈ మార్పును చూపలేదు. బరువు తగ్గలేదని నిరాశపడి మానేసేవారిని నిలబెట్టగల కాగితం ఇది.

ఇప్పుడు ఆ వసతి మాట. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ప్రతిదానిలో ఫిజియాలజీ విభాగం ఉంటుంది. వ్యాయామానికి గుండె, ఊపిరి ఎలా స్పందిస్తాయో కొలవడం మొదటి ఏడాది వైద్య విద్యార్థుల పాఠంలో భాగం. ఆ విద్యార్థులు ప్రయోగశాలలో తోటి విద్యార్థుల మీద చేసే కొలతను, నెలకోసారి ఊరి జిమ్‌లో, స్టేడియంలో, సింగరేణి కాలనీలో అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తే ఇద్దరికీ లాభం. సైకిలు చెప్పే వాట్లు నిజమో కాదో తేల్చడానికి ప్రతి సైకిలుకూ పరికరం కొననక్కర లేదు. బలాన్ని కొలిచే పెడళ్లు ఒక జత జిల్లాకు ఉంటే స్పానరుతో ఒక్కో సైకిలుకు బిగించి తెర చూపేదానితో పోల్చవచ్చు. బిగించేవారు ఎడమ పెడల్ మర ఎదురు దిశలో తిరుగుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. తేడా ఎంతో ఒక స్టిక్కరు మీద రాసి సైకిలుకు అతికించవచ్చు: ‘ఈ సైకిలు 100 అంటే నిజానికి 85’. అలాంటి స్టిక్కరు వల్ల ఎవరి పరువూ పోదు.

టెండరు పిలిచేటప్పుడు ‘వ్యాయామ సైకిలు, సంఖ్య 4’ అని రాసి ఊరుకోవద్దని ఈ లేఖ ప్రత్యేకంగా కోరుతోంది. వాట్లు, నిమిషానికి చుట్లు, గుండె వేగం మూడూ ఒకేసారి కనబడే తెర, గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ సంకేతాన్ని అందుకునే వీలు, సీటు పైకీ కిందికీ ముందుకీ వెనక్కీ జరిగే అమరిక అందులో ఉండాలి. హ్యాండిల్ పట్టుకుంటే గుండె వేగం చూపే లోహపు పట్టీలు చెమట చేతులకు తప్పు చెబుతుంటాయి, వాటినే నమ్ముకోకూడదు. స్పిన్ బైకులు కొంటే వాటిలో చాలావాటి బరువైన చక్రం కాలు ఆపినా పెడళ్లను తిప్పుతూనే ఉంటుందని, ఆపడానికి బ్రేకు మీట నొక్కాలని మొదటి రోజే చూపించాలి. చీర కుచ్చిళ్లు, చున్నీ కొసలు దూరంగా కట్టుకోవాలని చెప్పేవారు ఆ గదిలో ఉండాలి. ఆడవాళ్లకు ప్రత్యేక సమయం కేటాయిస్తే ఆ పని మహిళా వ్యాయామ ఉపాధ్యాయులకు అప్పగించవచ్చు.

గోడ మీది బోర్డు తెలుగులో ఉండాలి. గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల్లోని తండాల నుంచి, గూడేల నుంచి వచ్చేవారికి బొమ్మలతో కూడా ఉండాలి. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన దాని మీద రాయవచ్చు. మందులు వాడేవారికి మాట పరీక్ష, ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ వస్తే వెంటనే ఆపి 108కి ఫోన్ చేయాలన్న మాట అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఈ పనికి అనువైన నెల డిసెంబరు. గది చల్లగా ఉంటుంది, తొలి కొలత నమ్మదగ్గదిగా వస్తుంది, ఎండలు ముదిరేలోగా రెండు మూడు నెలల వ్యాయామం చేతికొస్తుంది. మీ ముగ్గురిలో ఎవరు ముందు మొదలుపెట్టినా, జిల్లా యువజన క్రీడల అధికారినీ వైద్య కళాశాల ప్రిన్సిపాల్‌నూ ఒక గదిలో కూర్చోబెట్టి, ఇప్పటికే ప్రభుత్వ స్థలాల్లో ఉన్న సైకిళ్లు ఎన్ని, వాటిలో వాట్లు చూపేవి ఎన్ని అన్న జాబితాతో మొదలుపెట్టవలసిందిగా మనవి.